గాజుపలక చూసిన కొండ

ఎక్స్‌కర్షన్‌కని శ్రీశైలమో, హార్స్‌లీ కొండలో, పాపికొండలో వెళ్ళినప్పుడు మీలో చాలామంది ఫోటోలు తీసే వుంటారు. ఎదురుగా ఆకాశాన్నంటే కొండ. మెడ వెనక్కి వాలిస్తేగాని శిఖరం కనబడదు. "అబ్బ, ఎంత పెద్దదో!" అనుకుని టక్కున ఫోటో తీశారు. ఇంటికి వచ్చి చూసుకుంటే ఏముంది? కొండ కాస్తా చీమలపుట్ట అయి కూర్చుంది. ముందు నిలబడ్డ మీ స్నేహితుడి టోపీయే దానికన్న పెద్దదిగా కనబడుతోంది. ఆకాశం వెలిసిపోయిన చొక్కాలా వుంది. "నిజంగా చాలా పెద్ద కొండే అమ్మా" అని నోటితో చెప్పుకోవలసి వచ్చింది.

ఈ అవమానం నాకూ జరిగింది. చిన్నప్పుడు మామయ్య దగ్గర డబ్బా కెమేరా అరువు తెచ్చుకుని మంగళగిరి కొండను ఫోటోలు తీశాను. పన్నెండు ఫోటోల రీలు. పదకొండింట్లో కొండ కొండలా లేదు. పన్నెండో దానిలో నా వేలు మాత్రం చాలా స్పష్టంగా వచ్చింది.

ఎందుకిలా జరుగుతుంది? మన కన్ను ఒంటరిగా చూడదు. దాని వెనక మెదడు కూర్చుని వుంటుంది. కొండమీద మనకు ఆసక్తి కలగగానే మెదడు చూపునంతా కొండమీదికే మళ్ళిస్తుంది. పక్కనున్న కరెంటు స్తంభాన్నీ, సోడాబండినీ చూసీ చూడనట్టు వదిలేస్తుంది. ఎండలోంచి నీడలోకి చూపు తిరగగానే కంటిపాప వెడల్పయి, నీడలోని రాళ్ళు కూడా కనబడతాయి. మళ్ళీ ఎండలోకి తిరగగానే పాప ముడుచుకుంటుంది. ఇదంతా మనకు తెలియకుండానే జరిగిపోతుంది. కెమేరాకు ఇష్టాయిష్టాలు లేవు. సోడాబండినీ, శిఖరాన్నీ ఒకే కొలతతో పట్టి పెడుతుంది.

అందుచేత కొండను ఫోటో తీయాలంటే కొండ ఎలా వుందో తెలిస్తే చాలదు. కెమేరాలో వున్న పలకకు ఆ కొండ ఎలా కనబడుతుందో కూడా తెలియాలి. ఈ కిటుకు తెలిసిన ఇద్దరి కథ ఇప్పుడు చెప్పుకుందాం. ఇద్దరూ ఒకే లోయలో ఫోటోలు తీశారు. ఆ ఫోటోలు చట్టసభల దాకా వెళ్ళాయి. అంతకన్న విచిత్రం, తీసినవాళ్ళకే తెలియని సంగతులు కొన్ని పాత ఫోటోల్లో దాక్కుని, నూరేళ్ళ తరవాత బయటపడ్డాయి. ఆ సంగతికి చివర వస్తాను.

ఆ లోయ పేరు యోసెమిటీ. అమెరికాలో, కాలిఫోర్నియా రాష్ట్రంలో, సియెర్రా నెవాడా పర్వతాల నడుమ వుంది. పొడవు సుమారు 12 కిలోమీటర్లు, వెడల్పు కిలోమీటరున్నర. ఒకప్పుడు హిమానీనదాలు, అంటే మెల్లగా జారే మంచునదులు, ఈ లోయను ఉలితో చెక్కినట్టు చెక్కాయి. రెండు పక్కలా నల్లసేనపు రాతి గోడలు నిటారుగా లేస్తాయి. ఎల్ కెపిటాన్ అనే ఒక్క బండ ఎత్తే సుమారు 900 మీటర్లు. మన చార్మినార్లు పదిహేను ఒకదానిమీద ఒకటి పెట్టినా దాని అంచు అందదు! లోయ చివర హాఫ్ డోమ్ అనే శిఖరం వుంది. పెద్ద గుమ్మటాన్ని కత్తితో నిలువునా కోసి, ఒక సగాన్ని ఎవరో ఎత్తుకుపోయినట్టు వుంటుంది. అందుకే దానికా పేరు.

1861లో ఈ లోయకు కార్ల్‌టన్ వాట్కిన్స్ అనే ఫోటోగ్రాఫరు వచ్చాడు. బంగారం దొరుకుతుందని వేలాదిమంది కాలిఫోర్నియాకు పరిగెత్తిన రోజుల్లో న్యూయార్క్ రాష్ట్రంనుంచి అతనూ వచ్చాడు. బంగారం మాట ఏమైనా, ఫోటోలు తీయడం అబ్బింది. అప్పటికి లోయలోకి బండిబాట లేదు. సామానంతా దాదాపు డజను కంచరగాడిదలమీద మోయించాడు.

ఒక్క ఫోటోగ్రాఫరుకు డజను గాడిదలెందుకు? ఆ రోజుల్లో చిన్న నెగెటివ్‌నుంచి పెద్ద ఫోటో చెయ్యడం తేలికైన పని కాదు. నెగెటివ్‌ను కాగితంమీద పెట్టి ఎండలో వుంచేవారు. నెగెటివ్ ఎంత వుంటే ఫోటో అంతే. పెద్ద కొండ పెద్దగా కనబడాలంటే పెద్ద నెగెటివ్ కావాలి. నెగెటివ్ అంటే అప్పట్లో గాజుపలక. వాట్కిన్స్ ఒక వడ్రంగిచేత ప్రత్యేకంగా కెమేరా చేయించాడు. దాని పలక 18 అంగుళాల వెడల్పు, 22 అంగుళాల పొడవు. మీ ఇంట్లో చిన్న కిటికీ తలుపంత! అలాంటి పలకలు కట్టలు కట్టలు, ఒక్కటీ పగలకుండా కొండదారిలో మోసుకెళ్ళాలి. వాటితోబాటు మందుసీసాలూ, చీకటి డేరా, తొట్లూ.

డేరా ఎందుకంటారా? అసలు కష్టమంతా అక్కడే వుంది. ఈ రోజుల్లోలా ఫిల్ము కొనుక్కుని జేబులో వేసుకుపోవడం కుదరదు. ప్రతి పలకనూ అక్కడికక్కడే తయారు చేసుకోవాలి. 1851లో ఫ్రెడరిక్ స్కాట్ ఆర్చర్ అనే ఇంగ్లీషువాడు కనిపెట్టిన తడిపలక పద్ధతి ఇది. వినండి, ఫోటో తీయడమో వంట చెయ్యడమో మీరే చెబుదురుగాని.

దూదిని గాఢమైన ఆమ్లాల్లో నానబెట్టి కడిగితే అది చూడటానికి దూదిలాగే వుంటుంది కాని గుణం మారిపోతుంది. దాన్ని ఈథర్, ఆల్కహాల్ కలిపిన ద్రవంలో కరిగిస్తే తేనెలాంటి బంక వస్తుంది. పేరు కొలోడియన్. అందులో కొంచెం అయొడైడ్ లవణం కలుపుతారు. దీన్ని గాజుపలక మధ్యన పోసి, నాలుగు మూలలకూ వంచుతూ, ఎక్కడా గడ్డ కట్టకుండా, చుక్క కారకుండా సమంగా పరచాలి. దోసెపిండి పరిచినట్టే, కాని గరిటె వుండదు! తరవాత చీకటి డేరాలోకి దూరి, పలకను సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో ముంచాలి. బంకలోని అయొడైడ్, నీటిలోని వెండి కలిసి సిల్వర్ అయొడైడ్ అవుతాయి. వెలుతురు తగిలితే మారిపోయే పదార్థం ఇదే. ఇక పలకను మూతవున్న చట్రంలో పెట్టి కెమేరా దగ్గరికి పరుగెత్తాలి. ఎందుకంటే పలక తడిగా వున్నంతసేపే పనిచేస్తుంది. ఆరిపోతే బంక తోలులా బిగుసుకుపోయి, తరవాత పోసే మందు లోపలికి దిగదు. ఎండాకాలమైతే ఈ గడువు కొద్ది నిమిషాలే.

ఫోటో తీసిన పలకమీద అప్పటికి ఏమీ కనబడదు. కాని బొమ్మ లోపల వుంటుంది. వెలుతురు పడినచోట కొన్ని వెండి పరమాణువులు మాత్రం విడివడి వుంటాయి. మళ్ళీ డేరాలోకి వెళ్ళి పలకమీద అన్నభేది నీళ్ళు, అంటే ఫెర్రస్ సల్ఫేట్ ద్రావణం పోస్తే, ఆ కొద్ది పరమాణువుల చుట్టూ మరింత వెండి పేరుకుని నల్లబడుతుంది. వెలుతురు ఎక్కువ పడినచోట ఎక్కువ నలుపు. అందుకే నెగెటివ్‌లో ఆకాశం నల్లగా, చెట్లు తెల్లగా వుంటాయి. మిగిలిన సిల్వర్ అయొడైడ్‌ను కరిగించి కడిగేస్తే పలక ఇక వెలుతురుకు భయపడనక్కరలేదు. కాగితంమీదికి అచ్చు దించేందుకు వాడే పూతలో ముఖ్యమైన సరుకు ఏమిటో తెలుసా? కోడిగుడ్డులో తెల్లసొన!

ఇలా ఒక ఫోటో. మళ్ళీ ఇంకో పలక, ఇంకో దోసె. ఆ ప్రయాణంలో వాట్కిన్స్ 30 పెద్ద పలకలు తీశాడు. రెండు కళ్ళతో చూస్తే లోతు కనిపించే స్టీరియో ఫోటోలు మరో వంద దాకా తీశాడు.

ఆ 30 ఫోటోల్ని ఇవాళ చూస్తే ఒక సంగతి వెంటనే కనబడుతుంది. వాటిలో మేఘాలు లేవు. ఆకాశమంతా తెల్లకాగితంలా ఖాళీగా వుంటుంది. ఆ రోజుల్లో యోసెమిటీలో మబ్బు పట్టలేదనుకోకండి. అది పలక లోపం. ఆ పలకకు నీలం, ఊదా రంగులు తప్ప మరేదీ కనబడదు. వెలుతురు చిన్నచిన్న శక్తి పొట్లాలుగా వస్తుంది. నీలి వెలుతురు పొట్లంలో శక్తి ఎక్కువ, ఎరుపుదానిలో తక్కువ. ఎర్ర పొట్లాలు లక్ష పడినా సిల్వర్ అయొడైడ్ చలించదు. పూర్వం ఫోటోలు కడిగే చీకటి గదిలో ఎర్ర దీపం పెట్టుకునేవారు కదా, కారణం ఇదే. కాబట్టి నీలాకాశమూ, తెల్లమబ్బూ రెండూ ఆ పలకకు సమానంగా మెరుస్తాయి. ఎర్రమట్టి, ఆకుపచ్చని చెట్టు నల్లగా వస్తాయి. చెట్లు సరిగా రావాలని ఎక్కువసేపు వెలుతురు పడనిస్తే జలపాతం కదిలి పట్టుచీరలా సాగిపోతుంది.

వాట్కిన్స్ గొప్పతనం ఏమిటంటే, ఈ లోపాన్నే పనిముట్టుగా చేసుకున్నాడు. తెల్లని ఆకాశం ముందు నల్లని దేవదారు చెట్టును నిలబెట్టాడు. గాలి కదలని నదిలో కొండ నీడను పట్టాడు. మేఘం లేకపోతేనేం, కొండ అంచు గీత గీసినట్టు వచ్చింది.

1862లో ఈ ఫోటోలు న్యూయార్క్‌లో ఒక గ్యాలరీలో ప్రదర్శించారు. అప్పుడు అమెరికాలో అంతర్యుద్ధం జరుగుతోంది. రోజూ చావుకబుర్లు చదువుకుంటున్న జనానికి, తమ దేశంలోనే మరో మూల ఇలాంటి లోయ వుందని ఈ గాజుపలకలు చెప్పాయి. 1864లో కాలిఫోర్నియా సెనేటరు జాన్ కొనెస్ ఈ లోయను కాపాడాలని బిల్లు పెట్టాడు. జూన్ 30న అధ్యక్షుడు లింకన్ దానిమీద సంతకం చేశాడు. యోసెమిటీ లోయ, దగ్గర్లోనే వున్న మహావృక్షాల వనం ఎవరి సొంతమూ కాకుండా జనం అందరికోసం కాలిఫోర్నియా రాష్ట్రానికి అప్పగించారు. లింకన్ ఏనాడూ కాలిఫోర్నియాకు వెళ్ళలేదు. చట్టం ఫోటోలవల్లనే వచ్చిందని ఒట్టేసి చెప్పడం కష్టం. చట్టాలు అలా ఒక్క కారణంతో రావు. కాని చూడని లోయను గురించి ఓటు వేసేవాళ్ళకు చూపించడానికి ఆ బొమ్మలు ఎంత పనికివచ్చి వుంటాయో ఊహించుకోవచ్చు. 1872లో యెల్లోస్టోన్ మొదటి జాతీయవనం అయింది. 1890లో యోసెమిటీ చుట్టుపక్కల కొండలు జాతీయవనమయ్యాయి. 1906లో లోయ కూడా అందులో కలిసింది.

వాట్కిన్స్‌కు మాత్రం ఏమీ మిగలలేదు. అప్పులపాలై, 1870ల నడుమ తన గ్యాలరీని, అందులో వున్న నెగెటివ్‌లను పోగొట్టుకున్నాడు. అతను తీసిన ఫోటోలే మరొకరి పేరుతో అమ్ముడుపోయాయి. పాపం, మళ్ళీ మొదటినుంచి తీయడం మొదలుపెట్టాడు. 1906 ఏప్రిల్ 18న శాన్‌ఫ్రాన్సిస్కోలో పెద్ద భూకంపం వచ్చి, దాని వెంట మంటలు లేచాయి. స్టూడియోతోబాటు అతని పలకలన్నీ కాలిపోయాయి. అప్పటికే చూపు దాదాపుగా పోయింది. పిచ్చాసుపత్రిలో చేర్చారు. 1916 జూన్‌లో అక్కడే చనిపోయాడు. యోసెమిటీలో ఒక కొండకు అతని పేరు వుంది.

అదే భూకంపంలో, అదే ఊళ్ళో నాలుగేళ్ళ పిల్లవాడొకడు తోటగోడకు కొట్టుకుని ముక్కు విరగ్గొట్టుకున్నాడు. ఆ ముక్కు జీవితాంతం వంకరగానే వుండిపోయింది. వాట్కిన్స్ చనిపోయిన ఆ 1916 జూన్‌లోనే ఈ పిల్లవాడు, అప్పటికి పధ్నాలుగేళ్ళవాడు, అమ్మానాన్నలతో మొదటిసారి యోసెమిటీకి వచ్చాడు. వాళ్ళు అతనికి ఒక కోడక్ బ్రౌనీ డబ్బా కెమేరా ఇచ్చారు. అతని పేరు యాన్సెల్ ఆడమ్స్. కథల్లో ఇలాంటివి రాస్తే "మరీ కల్పన" అంటారు. కాని ఇది నిజంగా జరిగింది.

ఆడమ్స్ మొదట పియానో విద్వాంసుడు కావాలనుకున్నాడు. కాని ఏటేటా ఎండాకాలం యోసెమిటీకి రావడం మానలేదు. 1927 ఏప్రిల్‌లో ఒకరోజు తెల్లవారుజామునే స్నేహితులతో కలిసి బయలుదేరాడు. హాఫ్ డోమ్‌కు పక్కనే గాలిలోకి పొడుచుకు వచ్చిన బండ ఒకటి వుంది. దానిమీదనుంచి చూస్తే కోసినట్టున్న ఆ రాతిముఖం ఎదురుగా వుంటుంది. మంచులో జారుతూ, సుమారు 1200 మీటర్లు పైకెక్కాలి. వీపున దాదాపు 18 కిలోల బరువు. కెమేరా, కటకాలు, ఫిల్టర్లు, పన్నెండు గాజుపలకలు. ఇవి తడిపలకలు కావు. పొడిపలకలు, కొట్లో కొనుక్కున్నవే. దారిలో అదీ ఇదీ తీస్తూ కొన్ని ఖర్చయ్యాయి, కొన్ని పాడయ్యాయి. బండమీదికి చేరేసరికి రెండే మిగిలాయి.

రాతిముఖం ఇంకా నీడలో వుంది. ఎండ మెల్లగా దానిమీదికి వచ్చేదాకా ఆగాడు. కటకానికి పసుపు ఫిల్టరు తగిలించి ఒక ఫోటో తీశాడు. తీసిన మరుక్షణం మనసులో ఏదో తొలిచింది. ఈ పలకమీద ఏం వస్తుందో అతనికి తెలుసు. రాయి రాయిలాగే వస్తుంది. ఆకాశం మామూలు బూడిదరంగులో వస్తుంది. కాని తాను నిలబడ్డచోట, ఆ పాతాళంలాంటి లోయ అంచున, గుండె ఝల్లుమంటున్న సంగతి అందులో రాదు. అది రావాలంటే ఆకాశం దాదాపు నల్లగా వుండాలి. చేతిలో ఒక్క పలక వుంది. ఈసారి ముదురు ఎరుపు ఫిల్టరు తగిలించాడు.

ఎర్రగాజు పెడితే ఆకాశం ఎందుకు నల్లబడుతుంది? ముందు ఆకాశం ఎందుకు నీలంగా వుందో గుర్తు తెచ్చుకోండి. సూర్యుని తెల్లని వెలుతురులో అన్ని రంగులూ వున్నాయి. గాలిలోని అణువులు నీలి వెలుతురును నాలుగు వైపులకూ ఎక్కువగా చెదరగొడతాయి, ఎరుపును తక్కువగా. తరంగదైర్ఘ్యం ఎంత తగ్గితే చెదరడం అంత విపరీతంగా పెరుగుతుంది. లెక్క చూస్తే నీలం ఎరుపుకన్న సుమారు ఆరు రెట్లు ఎక్కువ చెదురుతుంది. కనక ఆకాశంనుంచి మన కంటికి వచ్చే వెలుతురులో నీలం చాలా ఎక్కువ, ఎరుపు చాలా తక్కువ. ఎర్రగాజు నీలాన్ని అడ్డగించి, ఎరుపును పోనిస్తుంది. ఆకాశంనుంచి పలకకు అందేది ఇక పిసరంతే. మంచుమీద, ఎండ తగిలిన రాతిమీద పడిన వెలుతురులో ఎరుపు పుష్కలంగా వుంది, అవి తెల్లగా వస్తాయి. ఇంకో తమాషా వుంది. నీడలో వున్న రాతికి సూర్యుడు కనబడడు, ఆకాశమే దీపం. ఆ దీపం నీలిది. అందుచేత నీడలు కూడా చిక్కబడతాయి.

వీలైతే ఒక మిఠాయిపొట్లం ఎర్ర గాజుకాగితం సంపాదించి కంటికి అడ్డంగా పెట్టుకుని తెల్లమబ్బులున్న నీలాకాశాన్ని చూడండి. సూర్యుడి వైపు మాత్రం చూడవద్దు, ఎర్రకాగితం కంటిని కాపాడలేదు. నీలం చీకటైపోయి, మబ్బులు పొంగిన పేలాల్లా ముందుకు వస్తాయి.

ఇదంతా జరగాలంటే పలకకు ఎరుపు కనబడాలి కదా? వాట్కిన్స్ పలకకు ఎర్రగాజు పెడితే ఏమీ పడేది కాదు, వట్టి చీకటే. 1873లో హెర్మన్ ఫోగెల్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు, పలక పూతలో కొన్ని రంగులు కలిపితే అవి వేరే రంగుల వెలుతురును పీల్చుకుని ఆ శక్తిని వెండి లవణానికి అందిస్తాయని కనిపెట్టాడు. ఆ దారినే పోయి, అన్ని రంగులూ చూడగల పలకలు 1906లో బజారుకు వచ్చాయి. ఆడమ్స్ చేతిలో వున్నది అలాంటి పలక. ఎర్రగాజు వెలుతురును ఎంతగా తినేస్తుందంటే, మామూలుకన్న పదహారు రెట్లు ఎక్కువసేపు పలకను తెరిచి వుంచాలి. అయిదు సెకన్లు తెరిచాడు. గాలి వీచి కెమేరా వణికితే అంతే సంగతులు, ఇంకో పలక లేదు. వణకలేదు.

ఆ ఫోటో ఇవాళ కూడా ప్రపంచమంతా చూస్తున్నారు. తీయకముందే, ఫోటో పూర్తయ్యాక ఎలా వుంటుందో మనసులో చూడటం ఆనాడే నేర్చుకున్నానని ఆడమ్స్ తరవాత చెప్పుకున్నాడు. ఫోటో అబద్ధం చెప్పిందా అని మీకు అనుమానం రావచ్చు. ఆనాటి ఆకాశం నల్లగా లేదు నిజమే. కాని వాట్కిన్స్ ఆకాశం తెల్లగానూ లేదు. నలుపు తెలుపుల్లో ఆకాశానికి "అసలు రంగు" అంటూ ఏదీ లేదు. పలక చూసినట్టు చూపడమా, మనిషి తలచినట్టు చూపడమా అన్నదే తేడా. నా వరకు నాకు రెండో ఫోటోనే ఎక్కువ ఇష్టం, మొదటిది ఎక్కువ నమ్మకం.

ఆడమ్స్ కూడా తన ఫోటోలను పట్టుకుని రాజధానికి వెళ్ళాడు. యోసెమిటీకి దక్షిణాన వున్న కింగ్స్ కాన్యన్‌ను జాతీయవనం చెయ్యాలని 1936లో వాషింగ్టన్‌లో నాయకుల్ని కలిశాడు. 1938లో ఆ పర్వతాల ఫోటోలతో వేసిన పెద్ద పుస్తకం అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ దాకా వెళ్ళింది. 1940లో కింగ్స్ కాన్యన్ జాతీయవనమైంది. అయితే ఫోటోలు ప్రతిసారీ గెలవలేదు. యోసెమిటీ వనంలోనే హెచ్‌హెచ్చీ అని మరో లోయ వుండేది. శాన్‌ఫ్రాన్సిస్కోకు నీళ్ళు కావాలని 1913లో చట్టం చేసి, 1923 నాటికి ఆనకట్ట కట్టేశారు. మన నాగార్జునకొండ లోయలాగే అదీ నీటి కిందికి పోయింది. కాకపోతే మనవాళ్ళు కట్టడాలను విప్పి కొండమీదికి చేర్చారు. ఆ లోయలో చేర్చడానికి కట్టడాలు లేవు. ఫోటోలే మిగిలాయి.

ఇప్పుడు, మొదట్లో చెప్పిన దాగుడుమూతల సంగతి.

పాత ఫోటో తీసిన చోటనే నిలబడి, అదే వేళకు మళ్ళీ ఫోటో తీసి, రెండింటినీ పోల్చి చూడటం ఇవాళ శాస్త్రజ్ఞులకు మంచి పనిముట్టు. కాని నూరేళ్ళ కిందట ఒకాయన కెమేరా ఎక్కడ పెట్టాడో ఎలా తెలుస్తుంది? చాలా తేలిక. మీ ఇంటి గుమ్మంలో నిలబడితే ఎదురుగా వేపకొమ్మ, దూరాన గుడి కలశం ఒకే గీతలో కనబడుతున్నాయనుకోండి. రెండడుగులు కుడికి జరగండి. వేపకొమ్మ ఎడమకు, కలశం కుడికి విడిపోతాయి. మళ్ళీ కలవాలంటే వాటిని కలిపే గీతమీదికే మీరు రావాలి. ఇలాంటి జత ఇంకొకటి తీసుకుంటే ఇంకో గీత వస్తుంది. రెండు గీతలూ కలిసేచోటే కెమేరా వుండి తీరాలి. ఇక ఫోటోలో రాళ్ళ నీడలు ఎటు పడ్డాయో చూస్తే వేళ తెలుస్తుంది, సుమారుగా ఏ నెలో కూడా తెలుస్తుంది. కొండలు కదలవు కాబట్టి ఈ లెక్క తప్పదు.

అలా వాట్కిన్స్ కాలపు ఫోటోల చోట్లు వెతికి నిలబడితే ఏం కనబడింది? చాలాచోట్ల ఏమీ కనబడలేదు! చెట్లు అడ్డం. వాట్కిన్స్ ఫోటోల్లో లోయ అడుగంతా విశాలమైన పచ్చికబయళ్ళు, విడివిడిగా పెద్ద ఓక్ చెట్లు. ఇప్పుడు అదే చోట దట్టంగా పైన్, దేవదారు చెట్లు. కాపాడిన అడవి చిక్కబడింది కదా, మంచిదేగా అంటారా? తొందరపడకండి.

ఆ బయళ్ళు ప్రకృతి తనంతట తాను వుంచినవి కావు. ఆ లోయలో అహ్వానీచీ అనే జనం ఎంతోకాలంగా కాపురం వుండేవారు. ఓక్ కాయల్ని దంచి, పిండిలోని వగరు పోయేదాకా నీళ్ళతో కడిగి, వండుకునేవారు. ఓక్ చెట్లకు ఎండ కావాలి. అందుకని వాళ్ళు అదును చూసి నేలమీది పొదలకు చిన్నచిన్న మంటలు పెట్టేవారు. పెద్ద చెట్లకు ఏమీ కాదు, చిన్న పైన్ మొలకలు కాలిపోతాయి, కొత్త గడ్డి వస్తుంది, గడ్డికి జింకలు వస్తాయి. వాట్కిన్స్ వెళ్ళడానికి పదేళ్ళ ముందు, 1851లో, మారిపోసా బెటాలియన్ అనే సాయుధదళం ఆ లోయలో చొరబడింది. వాళ్ళ ఇళ్ళు, దాచుకున్న ఓక్ కాయల రాశులు తగలబెట్టి వాళ్ళను తరిమింది. తరవాత కొందరు తిరిగి వచ్చారుగాని, లోయమీద పెత్తనం ఇక వాళ్ళది కాదు. వాళ్ళ చివరి ఊరి ఇళ్ళను 1969లో నేలమట్టం చేశారు.

వాట్కిన్స్ ఫోటోల్లో ఆ లోయ మనిషి చెయ్యి పడని చోటులా కనబడింది. ఫోటోలు చూసినవాళ్ళూ అలాగే అనుకున్నారు. కాపాడవలసినది ఇదే అని చట్టం చేశారు. మంటలు కనబడితే ఆర్పేశారు. 1879లో నదికి అడ్డంగా వున్న రాళ్ళగట్టును పేల్చెయ్యడంతో నీళ్ళు తొందరగా జారిపోయి బయళ్ళు ఇంకా ఎండాయి. పైన్ మొలకలు బతికి చెట్లయ్యాయి. కాని పలక తన పని తాను చేసింది. ఏ గడ్డి ఎంతదాకా వుందో, ఏ ఓక్ ఎక్కడ నిలబడిందో, అడగకపోయినా రాసి పెట్టింది. 1970నుంచి వనం అధికారులే జాగ్రత్తగా మంటలు పెట్టడం మొదలుపెట్టారు.

ఇంకొక్క ఫోటో చెబుతాను. వనంలో అన్నిటికన్న ఎత్తయిన లైయెల్ శిఖరం కింద ఒక హిమానీనదం వుంది. దానికీ అదే పేరు. 1883లో ఇజ్రాయెల్ రస్సెల్ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు దాన్ని ఫోటో తీశాడు. కొండ ఒడి నిండా, ఒక అంచునుంచి ఇంకో అంచు దాకా మంచు. అదే చోటనుంచి ఈ మధ్య తీసిన ఫోటోల్లో ఒడి సగానికి పైగా ఖాళీ. నల్లని రాళ్ళు, మధ్యన చిరుగుపట్టిన దుప్పటి పీలికల్లా మంచు. వాతావరణం వేడెక్కుతున్న కొద్దీ ఏ ఏడు పడిన మంచు ఆ ఏడే కరిగిపోయి, పాత మంచు కూడా అరుగుతోంది.

హిమానీనదం అనిపించుకోవాలంటే మంచు వుంటే చాలదు, తన బరువుకు తాను జారుతూ వుండాలి. లైయెల్ పక్కనే మెక్లూర్ అని మరొకటి వుంది. 1872లో జాన్ మ్యూర్ అనే ప్రకృతి శాస్త్రజ్ఞుడు దానిమీద కర్రలు పాతి, అది రోజుకు అంగుళం జరుగుతోందని కొలిచాడు. 2012లో శాస్త్రజ్ఞులు రెండింటిమీదా గుర్తులు పాతి మళ్ళీ కొలిచారు. మెక్లూర్ చిక్కిపోయినా ఇంకా రోజుకు అంగుళం చొప్పున జరుగుతూనే వుంది. లైయెల్ అసలు కదలలేదు. అది ఇక హిమానీనదం కాదని 2013లో ప్రకటించారు. పటాల్లో మాత్రం దాని పేరు ఇంకా లైయెల్ హిమానీనదమనే వుంది.